పిన్ ఎవరికి చెప్పారు?

ఏటీఎం కార్డు మీద జరిగిన మోసానికి ఫిర్యాదు చేసేటప్పుడు బ్యాంకులో మాకొక ఫారం ఇచ్చారు. పేరు, ఖాతా సంఖ్య, కార్డు మీది పదహారంకెలు, పోయిన సొమ్మెంత, పోయిన వేళ ఏది, ఇవన్నీ పూర్తయ్యాక చివర్లో ఒక ప్రశ్న ఉంది: మీ పిన్ నంబరును ఎవరికైనా తెలియజేశారా? దానికెదురుగా అవును, కాదు అని రెండు గడులు. మూడో గడి లేదు. వివరణ రాసుకోవడానికి ఒక గీతయినా లేదు.

చూడడానికి ఇంత చిన్న ప్రశ్న మా నాన్నగారిని, మా ఎదురింటి కుర్రవాడిని, వాడి తల్లిని ఏడెనిమిది నెలల పాటు ఎంత వేధించిందో చెప్పాలని చాలాకాలంగా అనుకుంటున్నాను. కార్డు మోసాల గురించి హెచ్చరికలకు కొదవలేదు. ఎవరికీ చెప్పకండి, ఎక్కడా రాయకండి, చేయి అడ్డుపెట్టి నొక్కండి అని ప్రతి ఏటీఎం గోడమీదా ఉంటుంది. ఆ హెచ్చరికలు ఎవరిని ఉద్దేశించినవో, ఎవరిని బొత్తిగా ఎరుగనివో, అది మాత్రం ఎవరూ రాయగా నేను చూడలేదు.

నాన్నగారు జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలల్లో ముప్పయ్యేళ్ళకు పైగా పనిచేసి ప్రధానోపాధ్యాయులుగా రిటైరయ్యారు. విజయనగరంలో అయ్యకోనేరుకు దగ్గరలో ఉంటారు. 2017 నాటికి ఆయనకు 76 ఏళ్ళు. పింఛను బ్యాంకు ఖాతాలో పడుతుంది. ఆ ఏడు పైడితల్లమ్మవారి సిరిమానోత్సవం అక్టోబరు 3న జరిగింది. ఆ మరుసటి వారంలో ఒక తెల్లవారుజామున, గట్టు మీద నడకకు బయలుదేరబోతూ ఆయన ఫోను చూసుకున్నారు. ఆరు మెసేజీలున్నాయి. రాత్రి పన్నెండుకు కొద్ది నిమిషాల ముందు మూడు, పన్నెండు దాటిన కొద్ది నిమిషాలకు మూడు. ముందు మూడింటిలో 25 వేలు, తరువాతి మూడింటిలో మరో 25 వేలు. కార్డుకు రోజుకు ఇంత అని పరిమితి ఉంటుంది కనుక, తేదీ మారే క్షణానికి అటూ ఇటూ నిలబడి రెండు రోజుల పరిమితినీ ఒక్క పావుగంటలో ఊడ్చుకుపోవడం ఈ విద్యలో ఆరితేరినవాళ్ళ పద్ధతి. డబ్బు తీసిన యంత్రం ఉత్తరాదిన ఎక్కడో, వెయ్యి కిలోమీటర్ల పైచిలుకు దూరంలో ఉంది. కార్డు మాత్రం బీరువాలో, పంచాంగం పుటల మధ్యన భద్రంగా ఉంది.

ఇది ఎలా సాధ్యమని మీలో కొందరైనా అడగవచ్చు. అప్పటి కార్డుల వెనుక ఒక నల్లని అయస్కాంత పట్టీ ఉండేది గుర్తుందా? దానిలో కార్డు సంఖ్య, గడువు తేదీ, మరికొన్ని అంకెలు ఉంటాయి. టేపు రికార్డరు క్యాసెట్టు మీది పాటవంటిదే అది. ఎన్నిసార్లు వేసినా అదే పాట. కార్డు దూర్చే రంధ్రం మీద, చూపుకు యంత్రంలో భాగమే అనిపించేలా ఒక తొడుగు అమరిస్తే, కార్డు లోపలికి పోయే ఆ ఒక్క క్షణంలోనే పాట నకలైపోతుంది. పిన్ ఆ పట్టీ మీద ఉండదు. దానికోసం మీటల పైన, దీపం పక్కనో పైకప్పు అంచునో, ఒక చిన్న కెమెరా అతికిస్తారు. ఈ రెండూ కలిపితే ఖాళీ కార్డు మీద మీ కార్డు తయారు. తరువాత దాన్ని దేశంలో ఎక్కడైనా దూర్చవచ్చు. యంత్రానికి మనిషి మొహం తెలియదు కనుక, పట్టీ సరిపోయి నాలుగంకెలు సరిపోతే ఎదుట ఉన్నవాడే ఖాతాదారు.

('కన్యాశుల్కం' తెర లేచేది మా ఊరి బొంకులదిబ్బ దగ్గరే. మా ఊరికి మోసం కొత్తేమీ కాదు. కాని గిరీశానికి ఎదుటి మనిషి కావాలి, ఆ మనిషితో మాటలు కలపాలి. ఈ కొత్త దొంగకు మీతో మాట్లాడవలసిన పని లేదు. మీరు విజయనగరంలో ఉన్నారన్న సంగతి కూడా వాడికి తెలియనవసరం లేదు.)

నాన్నగారు ఫోను చేసిన పది నిమిషాల్లో నేను హైదరాబాదు నుంచి కార్డును ఆపించి, ఆ రాత్రే రైలెక్కాను. మరునాడు ఇద్దరం శాఖకు వెళ్ళాం. అక్కడి అధికారి మర్యాదస్థుడే. నాన్నగారిని కుర్చీలో కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చాడు. కంప్యూటరులో చూసి, "లావాదేవీలన్నీ సక్రమంగానే ఉన్నాయి మాస్టారూ, సరైన కార్డు, సరైన పిన్" అన్నాడు. అంటే దొంగతనం విజయవంతంగా జరిగిందని అర్థం! తరువాత ఆ ప్రశ్న వేశాడు. పిన్ మీకు కాక ఇంకెవరికి తెలుసు?

తెలుసు. ఎదురింటి అబ్బాయికి తెలుసు. ఇంటర్ రెండో ఏడు చదువుతున్నాడు అప్పుడు. వాళ్ళమ్మ వీధి మొగలో ఇడ్లీ బండి నడుపుతుంది. నాన్నగారికి నీటికాసుల జబ్బు వల్ల చూపు అంచులనుంచి తరిగిపోయింది, పైగా చేతి వణుకు. ఏటీఎం తెర మీద అక్షరాలు కనబడే సరికి యంత్రానికి ఓపిక నశించి కార్డు బయటికి తోసేస్తుంది. మీటల మీద చేయి అడ్డం పెట్టి నొక్కండి అంటుంది గోడమీది హెచ్చరిక. చేయి అడ్డం పెడితే దొంగకే కాదు, ఆయనకీ కనబడదు. అందుచేత నెల మొదట్లో ఆ అబ్బాయి కార్డు తీసుకుని వెళ్ళి, డబ్బు తెచ్చి, చీటీతో సహా లెక్క అప్పజెప్పేవాడు. నాన్నగారు నోటుపుస్తకంలో తేదీ వేసి రాసుకునేవారు. మూడేళ్ళ లెక్క ఉంది ఆ పుస్తకంలో. ఎక్కడా ఒక్క రూపాయి తేడా లేదు.

"అయితే ఆ కుర్రాణ్ణే అడిగి చూడండి" అన్నాడు అధికారి. దురుద్దేశంతో అన్నమాట కాదు. ఆయన ఉద్యోగంలో అలా అడగడం అలవాటై ఉంటుంది. కాని నాన్నగారు ఆ మాటకు తలెత్తి నావైపు చూసిన చూపు నేను మరచిపోలేను.

ఇక్కడ కొంచెం వెనక్కి వెళ్ళాలి. ఉపాధ్యాయుల జీతాలు ఖాతాల్లో పడని రోజుల్లో, బిల్లు ట్రెజరీలో పాసయ్యాక బ్యాంకుకు వెళ్ళి బడి మొత్తం జీతం నగదుగా తెచ్చి పంచేవారు. నాన్నగారు పనిచేసిన బడుల్లో ఆ సంచీ మోసింది అటెండర్లే. సెల్ఫ్ చెక్కు రాసి, వెనుక సంతకం చేసి ఇస్తే, నౌకరు వెళ్ళి సొమ్ము తెచ్చేవాడు. బ్యాంకు గుమాస్తాకు మాస్టారూ తెలుసు, ఆ నౌకరూ తెలుసు. ఒకరి సొమ్ము మరొకరి చేత తెప్పించుకోవడం ఆనాటి బ్యాంకింగులో తప్పు కాదు, దానికి దారులున్నాయి. కార్డు వచ్చి ఆ దారుల్ని మూసేసింది. కార్డు దృష్టిలో ఖాతాదారు ఒంటరివాడు. అతనికి కళ్ళు బాగుంటాయి, చేయి వణకదు, చదవడం వచ్చు, ఇంట్లో ఉంటాడు. మా శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఇన్ని లక్షణాలూ ఒకేచోట కుదిరిన ఖాతాదారులు ఎందరో మీరే ఊహించుకోండి.

ఒక్క ఉదాహరణ చెబుతాను. ఎచ్చెర్ల మండలం డి.మత్స్యలేశం వంటి తీరగ్రామాల నుంచి మగవాళ్ళు గుజరాత్‌లోని వేరావల్‌కు పోయి అక్కడి బోట్ల మీద నెలల తరబడి వేట చేస్తారు. 2018 నవంబరులో పాకిస్తాన్ వాళ్ళు వీరిలో కొందరిని పట్టుకున్నప్పుడుగాని ఈ వలస సంగతి చాలామందికి తెలియలేదు. 2020 జనవరిలో 20 మంది విడుదలై వచ్చారు. సరే, అంతటి ఉపద్రవం లేని మామూలు నెలల్లోనే చూడండి. సంపాదించేవాడు అరేబియా సముద్రం మీద, ఖర్చుపెట్టే సంసారం బంగాళాఖాతం ఒడ్డున. ఆ ఇంటి కార్డు ఎవరి దగ్గర ఉండాలి? పిన్ ఎవరికి తెలియాలి?

మళ్ళీ ఫారం దగ్గరికి వస్తాను. ఆ ఏడు జూలై 6న రిజర్వు బ్యాంకు ఒక మంచి సర్క్యులరు జారీ చేసింది. ఖాతాదారు అనుమతి లేకుండా జరిగిన ఎలక్ట్రానిక్ లావాదేవీల్లో నష్టం ఎవరు భరించాలో అది తేల్చి చెప్పింది. తప్పు బ్యాంకుదీ కాక, ఖాతాదారుదీ కాక, నడుమనున్న వ్యవస్థలో ఎక్కడో ఉన్నప్పుడు, కబురందిన మూడు పనిదినాలలో ఫిర్యాదు చేస్తే ఖాతాదారుకు నష్టమేమీ అంటకూడదు. నాలుగు నుంచి ఏడు రోజుల మధ్యనైతే ఖాతా రకాన్నిబట్టి 5 వేలు మొదలు 25 వేల దాకా పరిమితి. తెలియజేసిన పది పనిదినాల్లో పోయిన సొమ్మును బ్యాంకు తాత్కాలికంగా జమ చెయ్యాలి, తొంభై రోజుల్లో తేల్చాలి. అన్నిటికన్నా ముఖ్యమైనది, తప్పు ఖాతాదారుదేనని రుజువు చేసే భారం బ్యాంకు మీదే ఉంటుంది. అంతకుముందు ఆ భారం ఆచరణలో ఎవరి నెత్తిన ఉండేదో అనుభవించినవారికి తెలుసు.

అదే సర్క్యులరులో ఇంకొక వాక్యం ఉంది. పిన్ వంటి వివరాలను ఇతరులతో పంచుకోవడం వంటి ఖాతాదారు నిర్లక్ష్యం వల్ల నష్టం జరిగినప్పుడు, ఫిర్యాదు చేసేదాకా జరిగిన నష్టమంతా అతనిదే. ఇక్కడ 'వల్ల' అన్న మాటను గట్టిగా పట్టుకోవాలి సుమా. పంచుకున్నంత మాత్రాన కాదు, పంచుకున్నందువల్ల నష్టం జరిగితే. మా ఎదురింటి అబ్బాయికి పిన్ తెలియడం నిజం. దొంగకు పిన్ తెలిసింది ఆ అబ్బాయి వల్ల అన్నది నిజం కాదు. కెమెరా కింద వేళ్ళు నాన్నగారివైనా, నావైనా, ఆ అబ్బాయివైనా దొంగకు దొరికేవి ఆ నాలుగంకెలే. ఈ రెండింటికీ మధ్యనున్న తేడా ఫారంలోని గడుల్లో పట్టదు.

పైగా ఎవరికీ చెప్పకపోయినా పిన్ పోతుందని ఆ ముందటి ఏడాదే దేశమంతా చూసింది. 2016 అక్టోబరులో సుమారు 32 లక్షల డెబిట్ కార్డుల వివరాలు బయటికి పొక్కి ఉండవచ్చునని బ్యాంకులు గగ్గోలు పడ్డాయి. స్టేట్ బ్యాంకు ఒక్కటే సుమారు 6 లక్షల కార్డుల్ని ఆపేసి కొత్తవి ఇచ్చింది. ఏటీఎంలు నడిపే హిటాచీ పేమెంట్ సర్వీసెస్ వ్యవస్థలోకి హానికారక ప్రోగ్రామొకటి చొరబడిందని 2017 ఫిబ్రవరిలో ఆ సంస్థే ప్రకటించింది. అప్పటికి సొమ్ము పోయిందని ఫిర్యాదు చేసినవారు 19 బ్యాంకులకు చెందిన 641 మంది, పోయినది 1.3 కోట్ల రూపాయలు. ఆ 32 లక్షల మందిలో ఎవరు ఎవరికి చెప్పారని అడగాలి?

ఫారం విషయంలో మాకు సలహాలు చాలా వచ్చాయి. బ్యాంకులో పనిచేసి విరమించిన నాన్నగారి మిత్రులొకరు, "మాస్టారూ, 'కాదు' దగ్గర టిక్కు పెట్టేయండి. ఎవడొచ్చి చూస్తాడు?" అన్నారు. డబ్బు రావాలంటే అదే దగ్గర దారని నాకూ తెలుసు. నేనేమీ అనలేదు. పెన్ను నాన్నగారి చేతికిచ్చాను. ఆయన వణికే చేత్తో 'అవును' దగ్గర గుర్తుపెట్టి, పక్కనున్న ఇరుకు అంచులో, "చూపు సరిగా లేనందున నెలకొకసారి డబ్బు తెచ్చిపెట్టే విద్యార్థికి తెలుసు. అతనిపై నాకెట్టి అనుమానమూ లేదు" అని రాశారు. నేను విడిగా రెండు పేజీల ఉత్తరం రాసి, 'వల్ల' గురించి నా వాదన అంతా పెట్టాను.

కాగితం తన దారిన తాను పోయింది. అనుమానం లేదన్న రెండో వాక్యం ఎవరి కంటా పడలేదు. పోలీసు స్టేషనులో ఫిర్యాదుతోపాటు ఆ ఫారం నకలూ ఇచ్చాము కనుక, పదిరోజుల తరువాత ఆ అబ్బాయిని పిలిపించారు. కొట్టలేదు, తిట్టలేదు. ఒక పూటంతా బల్ల మీద కూర్చోబెట్టి, ఫోనులో ఎవరెవరి నంబర్లున్నాయో రాసుకుని పంపారు. ఆ రోజు వాడికి కాలేజీలో ప్రాక్టికల్సు ఉన్నాయి. సాయంత్రం వాళ్ళమ్మ మా గుమ్మంలోకి వచ్చి నిలబడింది. లోపలికి రమ్మంటే రాలేదు.

"మాస్టారు బాబూ, మా గుంటడు మీ సొమ్ము ముట్టుకున్నాడని అనుకుంతన్నారేటి?"

"లేదమ్మా, నేనలా అనలేదు. వాడికి తెలుసునని కాగితం మీద రాశానంతే."

"రాస్తే అన్నట్టే కదా బాబూ" అని వెళ్ళిపోయింది.

ఆ మాటకు మావద్ద జవాబు లేకపోయింది. నిజం రాస్తే ఒకరికి పోలీసు స్టేషను, అబద్ధం రాస్తే మరొకరికి యాభై వేలు! గడులు రెండే ఉన్నప్పుడు ఏదో ఒకదానిలోకి ఒదగాల్సిందే.

డిసెంబరులో బ్యాంకునుంచి ఉత్తరం వచ్చింది. పిన్ పంచుకున్నట్లు ఖాతాదారే అంగీకరించినందున క్లెయిము తిరస్కరించడమైనది. మా వాదన మీద ఒక్క ముక్క లేదు. అప్పటికి మన రెండు రాష్ట్రాలకూ హైదరాబాదులోనే ఉన్న బ్యాంకింగ్ అంబుడ్స్‌మన్‌కు రాశాను. డబ్బు తీసిన యంత్రం దగ్గరి కెమెరా దృశ్యాలు తెప్పించమని కోరాను. టోపీ దించుకున్న ఒక మనిషి ఆరుసార్లు డబ్బు తీస్తున్న దృశ్యం వచ్చింది. చేతిలో తెల్లని ఖాళీ కార్డు. 2018 మే నెలలో యాభై వేలూ ఖాతాలో జమ అయ్యాయి. బ్యాంకు తప్పు ఒప్పుకోలేదు, ఒప్పుకోవలసిన అవసరమూ రాలేదు. రాజీ అన్నారు.

మేము అదృష్టవంతులమని ఆ తరువాతి నెల తెలిసింది. బెంగుళూరు వినియోగదారుల ఫోరం తీర్పొకటి పత్రికల్లో వచ్చింది. 2013లో ప్రసవానంతరం సెలవులో ఉన్న ఒక మహిళ, 25 వేలు తెమ్మని భర్తకు కార్డూ పిన్నూ ఇచ్చి పంపింది. యంత్రం చీటీ ఇచ్చింది, డబ్బు ఇవ్వలేదు. నాలుగున్నరేళ్ళు తిరిగి ఆమె ఓడిపోయింది. పిన్ భర్తకు చెప్పడమే ఆమె తప్పు. కావాలంటే సెల్ఫ్ చెక్కో అధికార పత్రమో ఇచ్చి పంపవలసింది అన్నారు. అక్కడ దొంగ అన్నవాడే లేడు చూడండి! డబ్బు యంత్రం దగ్గరే ఆగిపోయిందన్నది ఆమె వాదన. అయినా 'ఎవరికి చెప్పారు' అన్న ప్రశ్న మిగిలిన ప్రశ్నలన్నిటినీ మింగేసింది. ఆ తీర్పు చదివాక మా గెలుపు మీద నాకున్న కాస్త గర్వమూ పోయింది. ఆ టోపీవాడు కెమెరాకు చిక్కకపోయి ఉంటే మా 'వల్ల' వాదన ఏ చెత్తబుట్టలో ఉండేదో!

తరువాత వచ్చిన రక్షణ ఏర్పాట్లను నేను తీసిపారెయ్యను. 2018 డిసెంబరు 31తో పాత పట్టీ కార్డులకు గడువు పెట్టి చిప్పు కార్డులు తెచ్చారు. చిప్పు ప్రతిసారీ ఒక కొత్త రహస్య సంకేతం పుట్టిస్తుంది కనుక నకలు పాట పనికిరాదు. మాకు జరిగినటువంటి దొంగతనానికి ఇదే సరైన మందు, రెండేళ్ళు ముందు వచ్చి ఉంటే ఈ కథే లేదు. 2020 జనవరి నుంచి స్టేట్ బ్యాంకు తన ఏటీఎంలలో రాత్రివేళ 10 వేలు, ఆపైన తీసేవారికి ఓటీపీ పెట్టింది, సెప్టెంబరుకల్లా పగటికీ విస్తరించింది. ఆ అక్టోబరు నుంచి కొత్త కార్డులు దేశంలోని ఏటీఎంలకు, దుకాణాలకు మాత్రమే పనిచేసేలా ఇచ్చి, మిగిలినవి కావాలంటేనే తెరుచుకునే ఏర్పాటు వచ్చింది. 1930 నంబరు వచ్చింది. సొమ్ము పోయిన వెంటనే ఆ నంబరుకు ఫోను చేస్తే, అది చేతులు మారేలోగా ఆపే అవకాశం ఉంటుంది. ఇవన్నీ దొంగను దృష్టిలో పెట్టుకున్న ఏర్పాట్లు, మంచివే.

ఖాతాదారు పక్కన నిలబడే మూడో మనిషి మాత్రం వీటిలో ఎక్కడా లేడు. అప్పు మీద నడిచే క్రెడిట్ కార్డుకైతే ఇంట్లోవాళ్ళ పేర్ల మీద మరో కార్డు ఇస్తారు, దానికి వేరే పిన్, వేరే పరిమితి. సొంత పింఛను తెచ్చుకునే ముసలాయనకు, నెలకు ఒకసారి ఇంత మాత్రమే తీయగల కార్డొకటి, ఫలానావారి చేతికి, నా బాధ్యత మీద అని ఇవ్వడం సాంకేతికంగా అంత బ్రహ్మవిద్యా? 2017 నవంబరు 9న రిజర్వు బ్యాంకే మరో సర్క్యులరులో డెబ్బయ్యేళ్ళు దాటినవారికి, నడవలేనివారికి, చూపులేనివారికి ఇంటివద్దకే నగదు చేర్చే ఏర్పాటుకు పూనుకోమని బ్యాంకులకు చెప్పింది. మా ఫారం బ్యాంకు బల్లమీద ఉన్న రోజులవి. సర్క్యులరు ప్రతి తీసుకుని శాఖకు వెళ్ళి అడిగాను. చూస్తామన్నారు.

కొత్త చిప్పు కార్డు, పిన్ కవరు వచ్చాక నాన్నగారు కబురు పెడితే ఆ అబ్బాయి వచ్చాడు. అప్పటికి డిగ్రీలో చేరాడు. నాన్నగారు కవరు చింపి చేతికివ్వబోతే రెండడుగులు వెనక్కి వేశాడు. "నంబరు నాకు సెప్పకండి మాస్టారూ. తోడు రమ్మంటే వస్తాను" అన్నాడు.

ఆ నెల ఒకటో తారీకున ఇద్దరూ కలిసి వెళ్ళారు. అబ్బాయి ఏటీఎం బయట, అద్దానికి వీపు పెట్టి, గొడుగు పట్టుకుని నిలబడ్డాడు. నాన్నగారు లోపల మూడుసార్లు ప్రయత్నించారు. మూడోసారి కూడా అంకె తప్పడంతో ఆ రోజుకి కార్డు ఆగిపోయింది. ఇద్దరూ అటునుంచి అటే శాఖకు నడిచి వెళ్ళి, విత్‌డ్రాయల్ ఫారం తీసుకుని వరుసలో నిలబడ్డారు. అప్పటినుంచి పింఛను అలాగే తెచ్చుకుంటున్నారు. ఫారం మీద అంకెలు అబ్బాయి రాస్తాడు, సంతకం నాన్నగారు చేస్తారు. వణుకు వల్ల సంతకం కలవలేదని రెండుసార్లు వెనక్కి ఇచ్చారట.